షేడ్‌నెట్ నారును ఎండకు అలవాటు చేయడం

షేడ్‌నెట్ (నీడనిచ్చే వల) కింద ప్రోట్రేలలో, అంటే చిన్న గుంటలున్న ట్రేలలో పెరిగిన మిరప, టమాటా నారు చూడటానికి ఎంత ఏపుగా ఉన్నా, సగం ఎండలోనే పెరిగినందున దాని ఆకుపై మైనపు పొర పలుచగానూ కాండం మెత్తగానూ ఉంటుంది. దాన్ని తెచ్చిన రోజే పొలంలోనో మిద్దె తోటలోనో నాటితే, వేళ్లు అందించే నీటికన్నా ఆకుల నుంచి ఆవిరయ్యేది ఎక్కువై మొక్క వడలిపోతుంది. ఆ తరువాత ఆకుల మీద కాగితంలా తెల్లబారిన మచ్చలు కనిపిస్తే, అవి చాలా వరకు తెగులు వల్ల కాక ఎండదెబ్బ వల్ల వచ్చినవే కనుక మందు కొట్టి ప్రయోజనం ఉండదు.

నాటడానికి వారం పది రోజుల ముందే నారును గట్టిపరచడం మొదలుపెట్టాలి. తొలి రెండు రోజులు ఉదయపు ఎండలో గంట, రెండు గంటలు మాత్రమే ట్రేలను ఉంచి, తిరిగి నీడకు చేర్చాలి. ఆపై రోజూ కొంత పెంచుకుంటూ పోయి, మధ్యాహ్నపు ఎండను చివరి రెండు మూడు రోజులకు అట్టిపెట్టాలి. జోరు వాన కురిస్తే మాత్రం ట్రేలను లోపలికి తీసుకోవలసిందే.

ఎండకన్నా నీటి దగ్గరే పొరపాట్లు ఎక్కువ. ఈ రోజుల్లో నీరు కూడా తగ్గించాలి, కానీ తగ్గించడమంటే మాడ్చడం కాదు: ట్రేలో నింపిన కొబ్బరి పొట్టు పైభాగం ముదురు గోధుమ రంగు నుంచి లేత రంగుకు మారి, ట్రే ఎత్తితే తేలికగా అనిపించి, లేత ఆకులు కాస్త వాలుతున్నప్పుడు తడి ఇవ్వాలి. పొట్టు పూర్తిగా ఎండితే గుంటల గోడల నుంచి విడివడి, పోసిన నీరు అంచుల వెంటే జారిపోతుంది. ట్రే గుంటలు చిన్నవి కాబట్టి ఎండలో ఉన్న రోజుల్లో ఉదయం, సాయంత్రం రెండుసార్లు చూడటం అవసరం. ఈ రోజుల్లో యూరియా వంటి నత్రజని ఎరువులు ఇవ్వరాదు. అవి లేత పెరుగుదలను రేపి, చేస్తున్న పనినే చెడగొడతాయి.

నారు బయటకు వచ్చిందంటే తెల్లదోమకు అందినట్టే. టమాటాలో ఆకుముడత వైరస్‌ను మోసుకొచ్చేది అదే కనుక, ఆకుల అడుగు భాగాన్ని రోజూ తిప్పి చూసి, అవసరమైతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనెను కొద్దిగా సబ్బు నీటితో కలిపి, ఎండ తగ్గాక పిచికారీ చేయాలి.

నారు కొనేటప్పుడు పొడవు చూసి మురిసిపోయేవారే ఎక్కువ, కానీ పొట్టిగా, మొదలు లావుగా, ఆకు ముదురాకుపచ్చగా ఉన్న మొక్కే త్వరగా నిలదొక్కుకుంటుంది. నాటే రోజు ట్రేలను ముందుగా తడిపితే వేళ్లు, పొట్టు కలిసి గడ్డ చెదరకుండా బయటకు వస్తాయి. సాయంత్రం వేళ నాటి, వెంటనే మొదళ్లకు నీరు పెట్టాలి.