మిగిలిన అన్నం, పప్పు ఉంటే రాత్రికి రొట్టెలు, పిసికే పని పిల్లోడికి

మధ్యాహ్నం అన్నం, టమాటా పప్పు మిగిలాయా, రాత్రికి మళ్ళీ కుక్కర్ పెట్టకండి. నేనైతే మా రెండున్నరేళ్ళ బుడ్డోడికి చేతులు కడిగించి, కింద పాత న్యూస్ పేపర్ పరిచి, పెద్ద బేసిన్లో రెండు కప్పుల అన్నం, ఓ కప్పు గట్టి పప్పు వేసి పిసకమంటా. వాడికి అదే ఆట, మధ్యలో గుప్పెడు నోట్లోకి పోతుంది, పోనీండి, ఉడికినవే కదా. కొత్తిమీర ఆకులు తుంచే పని కూడా వాడిదే, కాడలే ఎక్కువ వేస్తాడు అది వేరే సంగతి. పచ్చిపిండి మాత్రం వాడి చేతికివ్వను, వాడు లేచాకే అర కప్పు బియ్యప్పిండి, రెండు స్పూన్లు శనగపిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలుపుతా. పప్పులో ఉప్పు ఉంటుంది కాబట్టి చూసి వేసుకోండి. వాడి ముద్ద పక్కకి తీసాక మా వాటాలో పచ్చిమిర్చి. పెనం మీద నూనె రాసి, తడిచేత్తో పల్చగా తట్టి, మూతపెట్టి సన్నమంటలో రెండువైపులా ఎర్రగా కాల్చాలి, తొందరపడి తిప్పితే విరిగిపోద్ది.

ఒక్కటి మాత్రం, మన వైజాగ్ ఉక్కకి అన్నం బయటుంటే ఇట్టే పాడవుద్ది, వండిన రెండు గంటల్లోపే వెడల్పు గిన్నెలో ఆరబెట్టి ఫ్రిజ్‌లో పెట్టేయండి, పొద్దుట్నుంచీ గట్టు మీదున్నదైతే వద్దు. నంజుకోడానికి మాకు ఆవకాయ, వాడికి పెరుగు. "నేనే చేశా" అని వాళ్ళ నాన్నకి చెప్పుకుంటూ రెండు లాగిస్తాడు, అదే అన్నం పప్పు కలిపి పెడితే ఇల్లంతా పరిగెత్తిస్తాడు!