గోటూ ఉన్నా ఆండ్రోమెడా దారి తెలిసుండాలి

అడిగిన వస్తువు వైపు తనంతట తానే తిరిగే గోటూ టెలిస్కోపు గురి తప్పుతోందా? ముందు తేదీ, టైమ్ జోన్ చూడండి. కొన్ని కంట్రోలర్లు (టెలిస్కోపును నడిపే రిమోట్లు) నెలను ముందు అడుగుతాయి, మనం అలవాటుగా రోజు కొట్టేస్తాం. అలైన్‌మెంట్‌కి, అంటే టెలిస్కోపుకి ఆకాశంలో దిక్కులు తెలిపేందుకు, దూరదూరంగా ఉన్న రెండు నక్షత్రాలు తీసుకోండి.

కానీ నాకు చేత్తో వెతకడమే ఇష్టం. నవంబరు రాత్రి నాలుగు నక్షత్రాల పెగాసస్ చతురస్రం మూలనున్న ఆల్ఫెరాట్జ్ నుంచి మిరాక్ అనే నక్షత్రానికి వెళ్లండి. అక్కడ కాసియోపియా నక్షత్రరాశి వైపు తిరిగి, మ్యూ, న్యూ అనే రెండు మసక నక్షత్రాలు ఎక్కితే న్యూ పక్కనే ఆండ్రోమెడా గెలాక్సీ. తక్కువ పవర్ ఐపీసే (కన్ను పెట్టి చూసే లెన్సు) పెట్టండి, లేకపోతే అది చూపులో పట్టదు. దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన్ని సొంతంగా వెతికి పట్టుకున్న ఆ క్షణం ఎంత బావుంటుందో!