పెళ్లి సామానులో మంచి స్టీలు ఏదో ఎలా తేల్చుకోవాలి?

మా నల్గొండ వైపు ఆడపిల్ల పెళ్లంటే స్టీలు సామాను తూకం వేయించి కొనాల్సిందే. బిందెలు, గంజులు, సర్వలు, డబ్బాలు. చుట్టాల్లో ఎవరింట్లో పెళ్లయినా షాపుకు నన్ను వెంట తీసుకుపోతారు. ప్రతిసారీ ఒకటే తంతు. షాపాయన అయస్కాంతం పెట్టి "చూడండి అక్కా, అతుక్కుంటలేదు, అసలు స్టీలు" అంటాడు, వీళ్లు డబ్బులు తీస్తారు. అతుక్కోనంత మాత్రాన, స్టీలు తుప్పు పట్టకుండా సాయపడే నికెల్ అనే లోహం అందులో సరిపడా ఉన్నట్టు కాదు.

చిన్న అయస్కాంతం, రూపాయి బిళ్ల, మెత్తటి గుడ్డ, 9 వోల్టుల బ్యాటరీ, స్టీలు టెస్టింగ్ లిక్విడ్ సీసా తీసుకెళ్లండి. మంచి స్టీలని మీకు గట్టిగా తెలిసిన పాత గరిటె ఒకటి ఇంటి నుంచి పట్టుకెళ్లండి. పొద్దునే వెళ్లాలి. లైట్ల వెలుగులో స్టీలు కొనకూడదు.

ముందు గిన్నె అడుగున ముద్ర చూడండి. 304 అనో 18/8 అనో ఉంటే అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండాలి. ముద్ర ఎవరైనా కొట్టగలరు, కాబట్టి అక్కడితో ఆగొద్దు.

తర్వాత అయస్కాంతం. ఇప్పటి రూపాయి బిళ్లకు అతుక్కుంటే అది పనిచేస్తున్నట్టే. ఆ బిళ్ల నికెల్ లేని స్టీలు. 1962 నుంచి 1974 దాకా వచ్చిన రూపాయి నికెల్‌దే, దానికీ అతుక్కుంటుంది, ఎందుకంటే నికెల్‌ను కూడా అయస్కాంతం లాగుతుంది. అదే నికెల్ ఇనుము, క్రోమియంలతో తగుపాళ్లలో కలిస్తే లోపలి అమరిక మారి, ఆ స్టీలును అయస్కాంతం పట్టదు. మామూలు గిన్నెకైతే అడుగు మధ్యలో పెట్టి చూడండి. అంచుల దగ్గర, వంపుల దగ్గర వద్దు. అక్కడ రేకు వంగి సాగి ఉంటుంది కాబట్టి మంచి 304 కూడా కాస్త లాగుతుంది. ఇండక్షన్ గిన్నె అడుగుకు అయస్కాంతం అతుక్కోవాలి, లేకపోతే పొయ్యి మీద పనిచేయదు. దానికి పక్క గోడ మధ్యలో చూడండి.

ఇక్కడి దాకా ఎవరైనా చేస్తారు. అసలు చిక్కు 202 అనే రకంతో. నికెల్ ఖరీదైనది కాబట్టి అందులో 4 నుంచి 6 శాతమే ఉంచి, మాంగనీసు పెంచుతారు. దానికీ అయస్కాంతం అతుక్కోదు. మెరుపు, మోత, బరువు చూసి చెప్పేస్తామనే వాళ్ల మాట వినకండి. ఒక పెళ్లికి నేను కూడా అయస్కాంతాన్నే నమ్మి కొన్న గంజులో చింతపండు పులుసు రాత్రంతా ఉంచారు. పొద్దున తోమితే అడుగున ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు. గోటితో తడిమితే గరుకుగా గుంటలు తగిలాయి. ఉప్పు, పులుపు కలిసి చేసే పని అది. మన బోర్లలో ఉప్పు నీళ్లు వచ్చేచోట ఇంకా తొందరగా చేస్తుంది.

అందుకే లిక్విడ్ పరీక్ష. షాపాయనను అడిగి, అడుగున బయటి వైపే చేయండి, లోపల ఎప్పుడూ చేయొద్దు. నూనె, పాలిష్ మరకలు గుడ్డతో గట్టిగా తుడవండి. మరక మిగిలితే రంగు తప్పు చూపిస్తుంది. ఒక్క చుక్క వేయండి. బ్యాటరీ ప్లస్ కొస స్టీలుకు, మైనస్ కొస చుక్కలో తగలాలి. తిరగేసి పెట్టారా, పరీక్ష చేయనట్టే. మైనస్ కొస స్టీలును తాకొద్దు. సీసా మీద రాసినంత సేపే పట్టుకుని, వెంటనే రంగు చూడండి. మాంగనీసు ఎక్కువున్న 202 మీద చుక్క ఎర్రబడుతుంది, 304 మీద ఎర్రబడదు.

లేత రంగొచ్చి అనుమానం వస్తే ఊహించుకోవద్దు. పాత గరిటె మీద ఇంకో చుక్క వేసి రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. లిక్విడ్‌లో యాసిడ్ ఉంటుంది. చేతికి, కంటికి తగలనీయకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఇంటికొచ్చాక సబ్బుతో రెండుసార్లు కడిగాకే గిన్నె వాడండి.

పులుసు గంజు, పచ్చడి డబ్బా, పాల గిన్నె 304వే ఉండాలి. పళ్లేలు, చెంచాలు నికెల్ లేనివైనా నడుస్తాయి. బిల్లు మీద ఒక్కో సామాను పక్కన 304 అని రాయించుకున్నాకే డబ్బులివ్వండి.