మొబైల్ డౌన్‌లోడ్ల లోగుట్టు, 5వ పాఠం: నష్టం సున్నా అయినా ఫైలు ఎందుకు కదలదు

నాలుగో పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో ఎక్కువ భాగం ఒకే చోట దారి తప్పాయి. ‘పింగ్‌లో నష్టం 0 శాతం, కాబట్టి టవర్ బాగుంది, లోపం సర్వర్‌ది’ అని తేల్చేశారు. (పింగ్ అంటే సర్వర్‌కు చిన్న ప్యాకెట్, అంటే డేటా ముక్క, పంపి జవాబు రావడానికి పట్టిన సమయం కొలవడం; జవాబు రానివే నష్టం.) ఈ పొరపాటును ఇక్కడే తుంచకపోతే రాబోయే పాఠాలన్నీ వంకర పోతాయి కనుక, 5జీ సంగతిని వాయిదా వేస్తున్నాను.

4జీలో డేటాకు రెండంచెల మరమ్మతు ఉంటుంది. ముక్క చెడితే హార్క్ (HARQ, ఫోన్‌కూ టవర్‌కూ నడుమ వెంటనే సరిదిద్దే పద్ధతి) దాన్ని సుమారు 8 మిల్లీసెకన్లలో మళ్లీ పంపిస్తుంది. అక్కడా కుదరకపోతే ఆర్‌ఎల్‌సీ (RLC) అనే పై పొర, రసీదు విధానంలో (అందినదీ అందనిదీ తిరిగి చెప్పే పద్ధతిలో), అందని ముక్కను తిరిగి తెప్పించి, అది చేరేదాకా దాని వెనుక వచ్చినవాటిని పైకి వదలకుండా ఆపుతుంది. అందువల్ల గాలిలో పోయినది మీకు నష్టంగా కనబడదు, ఆలస్యంగా కనబడుతుంది.

కావలి దాటాక రైల్లో, సెకనుకు 5 చొప్పున పింగ్ పంపితే నాకు వరుసగా 48, 52, 431, 232, 49 మిల్లీసెకన్లు వచ్చాయి. 431కీ 232కీ తేడా దాదాపు 200. రెండు పింగ్‌ల నడుమ విరామమూ అంతే. అంటే వేర్వేరు సమయాల్లో బయలుదేరిన రెండూ ఒకే క్షణంలో చేరాయి: ముందుది ఆగింది, వెనుకది దాని కోసం కాచుకుంది. టవర్ మారినప్పుడూ ఇలాంటి మెట్లే పడతాయి. క్యూ నిండితే మాత్రం అంకెలు మెల్లగా పెరుగుతాయి. ఇలాంటి ఆగుడు టీసీపీ (డౌన్‌లోడ్ ప్యాకెట్లను పంపి, అందాయో లేదో చూసే నియమావళి) గడువును మించితే, పోని ప్యాకెట్‌ను పోయిందనుకుని అది వేగాన్ని అడుగుకు దించేస్తుంది. వేగం చూపే యాప్‌లు సగటు చెప్పి దీన్ని కప్పేస్తాయి. అందుకే నేను వాటిని నమ్మను.

అలాగని మరమ్మతు మానేస్తే మేలా? 60 మిల్లీసెకన్ల దారిలో, 1400 బైట్ల ప్యాకెట్లలో 1 శాతం పోతే, పాత టీసీపీ సూత్రం ప్రకారం సెకనుకు సుమారు 2.3 మెగాబిట్లే దక్కుతాయి, నష్టం 0.01 శాతమైతే 23. వోల్టీ (4జీ మీద నడిచే ఫోన్ కాల్) మాటలకు రసీదు లేని విధానం సరిపోతుంది, ఎందుకంటే ఆలస్యమైన మాట ముక్క ఎవరికీ పనికిరాదు. ఫైలుకు ప్రతి బైటూ కావాలి.

ఎన్నిసార్లు తిరిగి పంపాలన్న పరిమితిని 1 నుంచి 32 లోపు నెట్‌వర్కే నిర్ణయిస్తుంది. అది దాటితే రేడియో లంకె తెగి మళ్లీ కలవాలి. ఫోన్‌లో ఏపీఎన్ (ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్) మార్చితే ఇది మారదు.

అభ్యాసం: టెర్మక్స్‌లో (ఆండ్రాయిడ్‌లో ఆదేశాలు టైప్ చేసే యాప్) 0.2 సెకన్ల విరామంతో పింగ్ పెట్టి, కావలి నుంచి ఒంగోలు దాకా రెండుసార్లు ప్రయాణించండి, ఒకసారి డౌన్‌లోడ్‌తో, ఒకసారి లేకుండా. రేడియో నిద్ర లేచే సమయం కనుక మొదటి మూడు ఫలితాలను వదిలేయండి. 200 చొప్పున దిగిన మెట్లను స్టేషన్ల వారీగా లెక్కించి, అంకెలను యథాతథంగా పంపండి.