హలా ఆకుతో చిన్న చాప అల్లడం

హలా చెట్టు మన మొగలికి దగ్గరి చుట్టం. అవే ఊతవేళ్లు, అవే ముళ్లు. మనవాళ్లు మొగలి దగ్గరికి పువ్వు కోసం వెళ్తే, ఇక్కడ హవాయిలో ఆకు కోసం వెళ్తారు. పడుకునే చాపలు, బుట్టలు, తలగడలు, ఒకప్పుడు పడవల తెరచాపలు కూడా దీనితోనే అల్లారు. మగచెట్టు పూతను కప్పి ఉండే లేత రేకులతో అయితే మరీ మెత్తటి చాపలు చేసేవారు.

నాకు ఇక్కడి హిలో ఊళ్లో ఒక ఆంటీ నేర్పారు (ఇక్కడ పెద్దావిడ ఎవరైనా ఆంటీయే). ఆవిడ చాలా రోజులు నన్ను అల్లనివ్వలేదు, ఆకు తుడిపించారంతే. ఆకు సరిగ్గా తయారైతే అల్లిక దానంతటదే కుదురుతుందని ఇప్పుడు నేనూ గట్టిగా చెప్తాను.

చెట్టు మీదే ఎండి, గోధుమరంగుకు తిరిగి వేలాడుతున్న ఆకులే తీసుకోండి. నేలరాలినవి తడికి బూజు పట్టి ఉంటాయి. వాన పడిన రోజు అసలు వెళ్లొద్దు. చెట్టు ఎవరిదో వాళ్లను అడగండి. చేతులకు గ్లవ్స్, ఫుల్ హ్యాండ్స్ చొక్కా తప్పనిసరి. ముళ్లు రెండు అంచులకే కాదు, ఆకు వెనక నడి ఈనె మీద కూడా ఉంటాయి. కొత్తవాళ్ల చేతులు కోసేవి ఆ వెనక ముళ్లే.

ఇంటికొచ్చాక మొదలు దగ్గరి మందపాటి భాగం, చివరి సన్నటి తోక కోసేయండి. అంచులనూ ఈనెనూ ముళ్లతో సహా పొడవునా చీల్చి తీసేయండి. తడి గుడ్డతో రెండు వైపులా దుమ్ము పోయేదాకా తుడవండి. తర్వాత ఆకును మొద్దు కత్తి వీపు మీదుగా మెల్లగా లాగుతూ పోతే బిగుసుకున్న ముడతలు విప్పుకుని, ఆకు బట్టలా మెత్తబడుతుంది. ఇక్కడ తొందరపడితే అల్లేటప్పుడు మడత దగ్గర విరుగుతుంది. మెత్తబడినవాటిని ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ గట్టిగా చుట్ట చుట్టి పెడితే చదునుగా ఉంటాయి.

అల్లే రోజు అర అంగుళం వెడల్పు పాయలుగా చీల్చండి. వెడల్పు తేడా వస్తే చాప వంకర తిరుగుతుంది. నిగనిగలాడే వైపు పైకి ఉంచి, ఒకటి పైనుంచి, ఒకటి కిందనుంచి మధ్యలో మొదలుపెట్టి బయటికి అల్లుకుంటూ రండి. ప్రతి వరసా మధ్యకు జరిపి బిగించాలి. ఆకు బిరుసెక్కితే తడి చేత్తో తుడిస్తే చాలు, నీళ్లలో ముంచకండి. అంచుకు రాగానే కొసలు వెనక్కి మడిచి, రెండు మూడు గళ్ల కిందుగా దోపి, మిగిలింది కత్తిరించండి.