ఆదికాండంలోని పితరుల కథలు ఇంటి సంగతుల్లా ఎలా చదవాలి

అబ్రాహాము, అతని కొడుకు ఇస్సాకు, మనవడు యాకోబు కథలు మనలో చాలామంది సండే స్కూల్లోనే వినేశాం, అందుకే పెద్దయ్యాక మళ్లీ తెరవం. తెరిచినా ఎవరు భక్తిపరుడో ఎవరు మోసగాడో తేల్చేసి పేజీ తిప్పేస్తాం. నేనూ అలాగే చదివేదాన్ని. ఆ పెద్దల తప్పులు కప్పిపెట్టకుండా, మన బంధువుల ఇంటి సంగతి విన్నట్టు చదవడం మొదలుపెట్టాకే ఇవి నా మనసుకు పట్టాయి.

ముందు ఒక నోటుబుక్కు పెట్టుకోండి. చదవాల్సింది బైబిలు మొదటి పుస్తకమైన ఆదికాండం 12వ అధ్యాయం నుంచి 50 దాకా. రోజుకో అధ్యాయం అనుకుంటే కథ ఎక్కడపడితే అక్కడ తెగిపోతుంది. యూదులు తోరాను, అంటే బైబిల్లోని మొదటి ఐదు పుస్తకాల్ని, వారానికో భాగం చొప్పున ఏడాదిలో పూర్తి చేస్తారు, వాళ్ల లెక్కలో ఈ 39 అధ్యాయాలు పది భాగాలు. మొదటి వారం 12 నుంచి 17, రెండో వారం 18 నుంచి 22, ఇలా పది వారాలు.

చదువుతూ వయసులు రాసుకోండి, ఇది మాత్రం తప్పకుండా చేయండి. దాసి హాగరుకు ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86 ఏళ్లు, భార్య శారాకు ఇస్సాకు పుట్టినప్పుడు 100, చనిపోయినప్పుడు 175. ఇప్పుడు 25:9, అంటే 25వ అధ్యాయం 9వ వచనం తీయండి. ఇస్సాకు, ఇష్మాయేలు కలిసి తండ్రిని మక్పేలా గుహలో పాతిపెట్టారని ఉంటుంది. లెక్క వేస్తే ఒకాయనకు 75, ఇంకొకాయనకు 89. అబ్రాహాము హాగరుకు రొట్టె, నీళ్ల తిత్తి ఇచ్చి కొడుకు ఇష్మాయేలుతో సహా పంపేసిన తర్వాత ఆ అన్నదమ్ములు కలిసినట్టు మధ్యలో ఎక్కడా రాయలేదు.

కనిగిరి దగ్గర మా ఊళ్లో మా నాయనకూ పెదనాయనకూ బోరు నీళ్ల దగ్గర మాటా మాటా పెరిగి పదకొండేళ్లు మాటల్లేవు. తాత పోయిన రోజు పెట్టె గుంటలోకి దించుతుంటే తాడు ఒక కొస నాయన చేతిలో, ఇంకో కొస పెదనాయన చేతిలో ఉంది. పెదనాయన "నిదానం" అన్నాడు, అంతే, ఆ రోజంతటికీ ఇద్దరి మధ్యా అదొక్కటే మాట. 25:9 ఎప్పుడు చదివినా నాకు ఆ తాడే కనిపిస్తుంది. మీ ఇంట్లోనూ అలాంటిది ఏదో ఒకటి ఉంటుంది, ఆ వచనం పక్కన రాసుకోండి.

26వ అధ్యాయం బోరు కొడుతుందని చాలామంది దాటేస్తారు. ఫ్లోరైడ్ లేని బిందెడు నీళ్ల కోసం ఎదురుచూసిన మన పడమటి పల్లెల వాళ్లు మాత్రం దాటకూడదు. తండ్రి తవ్వించిన బావుల్ని ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేస్తే ఇస్సాకు మళ్లీ తవ్వించి, తండ్రి పెట్టిన పేర్లే పెట్టాడు. కొత్త బావుల దగ్గర గెరారు కాపరులు నీళ్లు మావంటూ గొడవకొచ్చారు, వాటికి ఏశెకు అనీ శిత్నా అనీ పేర్లు, అంటే జగడం, విరోధం. మూడో బావికి ఎవరూ అడ్డురాలేదు, దాని పేరు రహెబోతు, చోటు దొరికిందని అర్థం.

వస్తువుల్ని కూడా వదలకండి. యాకోబు మేకపిల్లల తోలు చేతులకు కప్పుకుని చూపు మందగించిన తండ్రిని మోసం చేశాడు. ఏళ్ల తర్వాత అతని కొడుకులు తమ తమ్ముడు యోసేపు అంగీని మేక రక్తంలో ముంచి తెచ్చి, ఇది నీ కొడుకుదో కాదో చూడమన్నారు. తగిన శాస్తి జరిగిందని కథలో ఎక్కడా అనరు, మనమూ తొందరపడి అనకూడదు. ఆ విచిత్రమైన నిలువుటంగీ కుట్టించింది ఎవరు? తన తండ్రి అన్నను ఎక్కువ ప్రేమిస్తుంటే చూస్తూ పెరిగిన యాకోబే.

మాట్లాడనివాళ్ల పేర్లు విడిగా రాయండి. 34వ అధ్యాయమంతా యాకోబు కూతురు దీనా గురించే, దీనా నోట ఒక్క మాట లేదు. యాకోబు భార్యలైన రాహేలు, లేయాల దాసీలు బిల్హా, జిల్పా అతనికి నలుగురు కొడుకుల్ని కన్నారు, వాళ్లూ మాట్లాడరు. 22లో కొండ ఎక్కేటప్పుడు ఇస్సాకు తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు, తండ్రి జవాబు చెప్పాడు. ఆ తర్వాత ఆ ఇద్దరూ మాట్లాడుకున్నట్టు మళ్లీ ఎక్కడా లేదు. అక్కడ ఒకరోజు ఆగండి, వెంటనే ప్రసంగం వెతుక్కోకండి.

కుటుంబ ప్రార్థనలో 37 అయ్యాక నేరుగా 39కి వెళ్లే ఇళ్లు చాలా చూశాను, మధ్యలో ఉన్నది యాకోబు కొడుకు యూదా, అతని కోడలు తామారు కథ కాబట్టి. పిల్లలు పడుకున్నాకైనా చదవండి. తనకంటే ఆమే నీతిమంతురాలని యూదా ఒప్పుకున్నది అక్కడే, అది వదిలేస్తే 44లో అతను అలా ఎలా మారాడో తెలియదు. 44:18 నుంచి అతని మాటలు పైకి చదవండి. చిన్న తమ్ముడు బెన్యామీనుకు బదులు తానే బానిసగా ఉంటానని వేడుకుంటూ, నా భార్య నాకు ఇద్దర్ని కన్నదని తండ్రి అన్న మాట కూడా అతనే చెబుతాడు. ఆ ఇద్దరూ, అంటే యోసేపు, బెన్యామీను, రాహేలు కొడుకులు. చెబుతున్న యూదా, ఆరుగురు కొడుకుల్ని కన్న లేయా బిడ్డ.