నాలుగేళ్ల పిల్లతో కార్టూన్ చూడటం ఎలా?

మా మేనకోడలికి నాలుగేళ్లు. సంక్రాంతి సెలవుల్లో ఒక సాయంత్రం ‘ఛోటా భీమ్’ చూసింది. అందులో భీమ్‌తో ఎప్పుడూ పోటీపడే కాలియా ఏదో ఎత్తు వేసి, చివరికి భీమ్ చేతిలో భంగపడ్డాడు. మర్నాడు పొద్దున్నే తమ్ముడి అరిసెలు బియ్యం డబ్బా వెనక దాచేసి, నడుము మీద చేతులు పెట్టుకుని అచ్చం కాలియాలా నవ్వింది. మరి కాలియాకు చివర్లో ఏమైందని అడిగితే తెల్లముఖం వేసింది.

తప్పు ఆ పిల్లది కాదు. కథ మొదట్లో జరిగిన గొడవనూ చివర్లో వచ్చిన బుద్ధినీ కలిపి చూడటం ఆ వయసుకు కష్టం. అమెరికాలో ఐదారేళ్ల పిల్లలకు మూడు కాళ్ల కుక్క కథ ఉన్న కార్టూన్ చూపించారు. మనకన్నా భిన్నంగా ఉన్నవారిని కలుపుకుపోవాలన్నది అందులోని సారం. చాలామంది పిల్లలు మాత్రం అది కుక్కల గురించిన పాఠమే అనుకున్నారు. కాబట్టి ‘ముగింపు మంచిదే కదా’ అని మనం వంటింట్లోకి వెళ్లిపోతే సరిపోదు.

1. ముందు మీరు ఒక్కరే చూడండి

పిల్లలు నిద్రపోయాక ఒక ఎపిసోడ్ పెట్టుకుని, గడియారం చూస్తూ రెండు లెక్కలు వేయండి. గొడవ ఎన్ని నిమిషాలు సాగింది? రాజీ ఎన్ని నిమిషాలు? లావుగా ఉన్నవాడినో భయస్థుడినో చూపించి నవ్వించారా? దెబ్బ తిన్నవాడికి నొప్పి పుట్టినట్టు చూపించారా, లేక తల చుట్టూ నక్షత్రాలు తిరగగానే లేచి పరుగెత్తాడా?

చివరి ప్రశ్న ముఖ్యం, ఎందుకంటే తెర మీద చూసిన దెబ్బలాటను పిల్లలు తామూ చేసి చూస్తారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా బృందం 1961లో ఒక ప్రయోగం చేసింది. పెద్దలు గాలి బొమ్మను బాదుతుంటే చూసిన పిల్లలు తామూ అలాగే బాదారు. 1963లో అదే పనిని తెర మీద కార్టూన్ పిల్లి చేస్తున్నట్టు చూపించినా, ఏమీ చూడని పిల్లలకన్నా చూసినవారే ఎక్కువగా కొట్టారు.

ఇది మన హైదరాబాద్ స్టూడియో 2008లో తెచ్చిన భీమ్ మీద ఫిర్యాదు కాదు. అందులో స్నేహముంది, ఆపదలో ఒకరికొకరు నిలబడటముంది. అయితే టున్‌టున్ కొట్టులోని లడ్డూలు కథానాయకుడే కాజేస్తే మనం నవ్వుతాం. పక్కనున్న పిల్ల మన నవ్వును కూడా గమనిస్తుంది.

2. వేగం, సమయం

భారతీయ శిశువైద్యుల అకాడమీ సూచన ప్రకారం రెండేళ్లలోపు తెర వద్దు. రెండు నుంచి ఐదేళ్లవరకు రోజుకు గంట మించకూడదు. ఆ గంటలో కూడా దృశ్యాలు నిదానంగా మారేవి ఎంచుకోండి. 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు నాలుగేళ్ల పిల్లలకు చకచకా కదిలే కార్టూన్ తొమ్మిది నిమిషాలు చూపించి, వెంటనే పరీక్షించారు. నిదానమైన కార్టూన్ చూసినవారికన్నా, బొమ్మలు గీసుకున్నవారికన్నా వీరికి నిగ్రహం తగ్గింది. పరీక్షించింది వెంటనే కాబట్టి దాన్నిబట్టి జన్మంతా బెంగపడనక్కర్లేదు. పడుకునే ముందు మాత్రం అలాంటివి వద్దు.

3. పక్కన కూర్చుని మాట కలపండి

అసలు పని ఇదే. రెండు నుంచి ఆరేళ్ల పిల్లలకు భావాలను నేర్పే కార్టూన్‌ను రెండు వారాలు చూపించిన ఒక అధ్యయనం 2016లో వచ్చింది. టీవీలో చూసినదాని గురించి తల్లిదండ్రులు తరచూ మాట్లాడే ఇళ్లలోని పిల్లల్లోనే సానుభూతి పెరిగింది.

‘ఇందులో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగకండి. అది పరీక్ష పేపరు ప్రశ్న. గొడవ జరుగుతున్నప్పుడే బొమ్మను ఆపి, భీమ్ చిన్న నేస్తం రాజును చూపించి ‘రాజు ముఖం చూడు, ఎలా ఉంది?’ అనండి. జవాబు రాకపోతే మీరే చెప్పి ముందుకు సాగండి. ఎపిసోడ్‌కు రెండుసార్లకన్నా ఎక్కువ ఆపితే పిల్లలకు విసుగు పుడుతుంది, న్యాయంగానే.

ఇక్కడ మన భాషలో ఒక సౌకర్యం ఉంది. ఇంగ్లీషులోనో హిందీలోనో కార్టూన్లు చూసే పిల్లలకు కోపం, బాధ అన్న రెండు మాటలతోనే రోజంతా గడిచిపోతుంది. తెలుగులో అలక వేరు, బెంగ వేరు, బిడియం వేరు, కుళ్లు వేరు. ‘డోరేమాన్’లో జియాన్ చేతిలో దెబ్బలు తిని నోబితా ఏడుస్తూ ఇంటికి పరుగెత్తుతాడే, అది ఉత్త కోపం కాదు, ఉక్రోషం. తిరిగి కొట్టలేనివాడి కోపం. ఆ మాట ఒక్కసారి చెప్పి వదిలేయండి. వారం తిరక్కుండానే క్యారమ్స్‌లో ఓడిపోయిన తాతయ్యను మా మేనకోడలు ‘ఉక్రోషమా తాతయ్యా?’ అని పలకరించింది. ఆయనకు నిజంగానే వచ్చింది.

4. ఆపడం

మధ్యలో రిమోటు లాక్కోవద్దు. మొదలుపెట్టేటప్పుడే ‘ఈ ఒక్క కథ’ అని చెప్పి, అయిపోయాక మీట వాళ్ల చేతే నొక్కించండి. మొదటి నాలుగు రోజులు ఏడుపు ఉంటుంది. ఆ ఏడుపును ఆపడానికి ఇంకో కథ పెట్టారా, ఐదో రోజు ఇంకా గట్టిగా ఏడుస్తారు. అన్నం తినిపించడానికి కార్టూన్‌ను ఎరగా వాడకండి.

5. చూశాక ఆడండి

పిల్లలు ఏం పట్టుకున్నారో వాళ్ల ఆటలో తెలుస్తుంది. టీవీ కట్టేశాక పది నిమిషాలు అదే కథ ఆడించి, వేషాలు మార్పించండి. రోజూ భీమ్ అయ్యే పిల్లకు ఒకసారి దెబ్బలు తినే పాత్ర ఇవ్వండి, ఒప్పుకుంటే.

మా ఇంట్లో ఒప్పుకోలేదు. కాలియా వేషం నాకే మిగిలింది. ప్రతిసారీ కింద పడ్డాక లేవకుండా, ‘కాలియాకు మోకాలు నొప్పి’ అని మూలుగుతాను. మొదటి నెలంతా మా మేనకోడలు నవ్వింది. ఈమధ్య వచ్చి మోకాలి మీద ఊదుతోంది.